జమోవిలో కై-స్క్వేర్: సర్వే థీసిస్ చేస్తున్నవాళ్ళ కోసం నా రివ్యూ

ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్ ఏది తెరిచినా చివరి అబ్జెక్టివ్ దాదాపు ఒకేలా ఉంటుంది: తల్లుల అవగాహన స్థాయికీ, వాళ్ళ వయసు, చదువు, ఆదాయం, కుటుంబం రకం లాంటి వివరాలకీ సంబంధం ఉందా లేదా చూడటం. దానికి వాడే పరీక్ష కూడా ఒకటే, కై-స్క్వేర్. నేను బెంగళూరులో కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ చెబుతాను. మాది హిందూపురం, ఇప్పుడు ఉండేది యలహంకలో. నా దగ్గర థీసిస్ చేసే పిల్లల్లో చాలామంది మదనపల్లె, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్ళే. కన్నడ అంతంతమాత్రంగా వచ్చినా ఇంటింటికీ తిరిగి, తలుపు తట్టి, ఓపిగ్గా ప్రశ్నలు అడిగి వస్తారు. అంకెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో డేటా షీటు తీసుకెళ్ళి ఎవరికో డబ్బు కట్టి ఇచ్చేస్తారు. అలా ఇవ్వకుండా తమ లెక్క తామే చేసుకోవాలని నేను చూపించే సాఫ్ట్‌వేర్ జమోవి. ఇందులో చాలా ఉన్నాయి గానీ నేను కై-స్క్వేర్ పని వరకే మాట్లాడతాను.

డబ్బు తీసుకుని లెక్కలు చేసిపెట్టే సెంటర్ల సంగతి ముందు చెప్పాలి. మా విద్యార్థిని ఒకామె అలాంటి చోట డేటా ఇచ్చింది. వేలల్లో తీసుకున్నారు. తిరిగి వచ్చింది వర్డ్ ఫైల్లో ఒక టేబుల్. వేరియబుల్ పేరు, కై-స్క్వేర్ విలువ, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, టేబుల్ విలువ, ఆ చివర ‘ఎస్’ (సిగ్నిఫికెంట్, అంటే సంబంధం ఉన్నట్టు లెక్క) లేదా ‘ఎన్‌ఎస్’ (నాట్ సిగ్నిఫికెంట్, అలా చెప్పలేం). అంతే. ఏ గడిలో ఎంతమంది ఉన్నారో లేదు, శాతాలు లేవు. వైవాలో ఎగ్జామినర్ “చదువుతో సంబంధం ఉందన్నావు కదా, మరి ఎవరికి అవగాహన ఎక్కువ?” అని అడిగితే ఆ పిల్ల నోట మాట రాలేదు. ఎండలో తిరిగి తెచ్చిన డేటా ఆమెది, అందులో ఏముందో చెప్పగలిగే స్థితిలో మాత్రం ఆమె లేదు. ఇలా జరగడం నాకు చాలా బాధగా ఉంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

జమోవి ఉచితం, ఓపెన్ సోర్స్. జోనథన్ లవ్, డామియన్ డ్రాప్‌మన్, రవి సెల్కర్ అనే ముగ్గురు మొదలుపెట్టారు. లోపల లెక్కలు చేసేది ‘ఆర్’ అనే స్టాటిస్టిక్స్ భాష, మనకి పైన కనిపించేది మాత్రం ఎడమవైపు ఎక్సెల్ లాంటి షీటు, కుడివైపు ఫలితాలు. ఎక్సెల్ ఫైలు, సీఎస్‌వీ ఫైలు, ఎస్‌పీఎస్‌ఎస్ (ఇంకో స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) ఫైలు కూడా నేరుగా తెరుస్తుంది. నాకు బాగా నచ్చింది ఫలితం అప్పటికప్పుడు మారడం. ఒక టిక్ పెడితే టేబుల్లో కొత్త వరస చేరుతుంది, టిక్ తీస్తే పోతుంది. డేటాలో ఒక అంకె దిద్దితే కుడివైపు అన్నీ మళ్ళీ లెక్క కడతాయి. క్లాసులో ప్రొజెక్టర్ మీద ఇది చూపిస్తుంటే, ఫార్ములా బోర్డు మీద రాసినప్పుడు వచ్చే భయం పిల్లల మొహాల్లో కనిపించదు.

నేను క్లాసులో వాడే టేబుల్ ఒకటి చెబుతాను. అంకెలు నేర్పడం కోసం నేను పెట్టుకున్నవి, ఏ సర్వేలోవీ కావు. మొత్తం 150 ఇళ్ళు. సొంతిళ్ళు 60, అద్దె ఇళ్ళు 90. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తారా అన్నది ప్రశ్న. జవాబులు మూడు: ఎప్పుడూ, అప్పుడప్పుడు, లేదు. సొంతిళ్ళలో వరుసగా 36, 16, 8. అద్దె ఇళ్ళలో 34, 34, 22.

జమోవిలో అనాలిసిస్ ట్యాబ్‌కి వెళ్ళి, ఫ్రీక్వెన్సీస్ నొక్కి, అందులో ఇండిపెండెంట్ శాంపిల్స్ అని ఉన్న కై-స్క్వేర్ ఎంచుకోవాలి. ఇంటి రకం ‘రోస్’ పెట్టెలోకి, జవాబు ‘కాలమ్స్’ పెట్టెలోకి లాగాలి. ఇంటికో వరస చొప్పున డేటా లేకుండా పైన చెప్పినట్టు లెక్క కట్టిన అంకెలే చేతిలో ఉంటే, వాటిని ‘కౌంట్స్’ అనే పెట్టెలో పెట్టొచ్చు. పాత రిపోర్టుల్లోని టేబుళ్ళని పిల్లలతో తిరిగి చేయించడానికి నాకిది బాగా పనికొచ్చింది.

ఫలితం: కై-స్క్వేర్ 7.37, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 2, పి విలువ 0.025. అసలు సంబంధమే లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, ఊరికే కనిపించే అవకాశమే పి విలువ; అది 0.05 లోపు ఉంటే ‘ఎస్’ అంటారు. సెంటర్ వాళ్ళయితే ఇక్కడ ‘ఎస్’ అని రాసి ఆపేస్తారు. అసలు పని మొదలయ్యేది ఇక్కడి నుంచే.

‘సెల్స్’ అనే భాగంలో ఎక్స్‌పెక్టెడ్ కౌంట్స్ మీద టిక్ పెట్టండి. ఇంటి రకానికీ ఈ అలవాటుకీ ఏ సంబంధమూ లేకపోతే ప్రతి గడిలో ఎంతమంది ఉండాలో ఆ అంకె వస్తుంది. 150 ఇళ్ళలో ‘ఎప్పుడూ’ అన్నవి 70 కాబట్టి, 60 సొంతిళ్ళలో 28 ఉండాలి. మనకి కనిపించినవి 36. ఇలాగే ఆరు గడుల్లోనూ తేడా తీసి, వర్గం చేసి, ఉండాల్సిన అంకెతో భాగించి, అన్నీ కలిపితే వచ్చేదే 7.37. పిల్లల చేత ఒక్కసారి కాగితం మీద ఇది చేయిస్తాను. కంప్యూటర్ చెప్పిన అంకె, తమ చేతి లెక్క కలిసినప్పుడు వాళ్ళకి వచ్చే ధైర్యం వేరు. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ రెండే ఎందుకని అడిగేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఈ పరీక్షని 1900లో ప్రవేశపెట్టిన కార్ల్ పియర్సన్ కూడా ఇలాంటి టేబుళ్ళకి ఆ సంఖ్యని సరిగ్గా తీసుకోలేదు. 1922లో రొనాల్డ్ ఫిషర్ సరిచేశారు. వరసల సంఖ్యలోంచి ఒకటి, నిలువు గడుల సంఖ్యలోంచి ఒకటి తీసేసి గుణించడం (మన టేబుల్‌కి 1 × 2 = 2) అప్పటి నుంచి స్థిరపడింది.

తర్వాత రో పర్సెంట్. సొంతిళ్ళలో 60 శాతం ఎప్పుడూ వేరు చేస్తున్నారు, అద్దె ఇళ్ళలో 37.8 శాతం. వైవాలో అడిగే ప్రశ్నకి జవాబు ఈ రెండు అంకెల్లో ఉంది. థీసిస్‌లో పి విలువ కంటే ముందు రాయాల్సింది కూడా ఇదే.

ఆ తర్వాత నామినల్ (వరుస లేని వర్గాలు) కింద ఉన్న ఫై, క్రేమర్ వి. సంబంధం ఎంత గట్టిదో సున్నా నుంచి ఒకటి దాకా చెప్పే కొలత క్రేమర్ వి. మన టేబుల్‌కి క్రేమర్ వి 0.22 వస్తుంది. సంబంధం ఉంది, మరీ గట్టిది కాదు. దీన్ని ఎందుకు చూడాలంటే, ఇవే శాతాలతో 1,500 ఇళ్ళు ఉంటే కై-స్క్వేర్ 73 దాటిపోతుంది, పి విలువ పక్కన సున్నాలు చేరతాయి, క్రేమర్ వి మాత్రం అదే 0.22 దగ్గర నిలబడుతుంది. పి చిన్నదైతే సంబంధం పెద్దదని రాసే అలవాటు మా రంగంలో బాగా పాతుకుపోయింది. ఈ ఒక్క టిక్ దాన్ని మాన్పించగలదు.

కొత్త వెర్షన్లలో రెసిడ్యువల్స్ కూడా ఇస్తున్నారు, అంటే ఒక్కో గడిలో ఉన్నదానికీ ఉండాల్సినదానికీ ఉన్న తేడా. స్టాండర్డైజ్డ్ రెసిడ్యువల్ చూస్తే సొంతిళ్ళ వరసలో ‘ఎప్పుడూ’ గడికి 2.67, ‘అప్పుడప్పుడు’కి మైనస్ 1.41, ‘లేదు’కి మైనస్ 1.67 వస్తాయి. రెండు దాటింది మొదటి గడి ఒక్కటే. అంటే అసలు తేడా ఎప్పుడూ వేరు చేసేవాళ్ళ దగ్గరే ఉంది. మూడు వర్గాలకి మించిన టేబుల్ ఏదైనా సరే, ఇది చూడకుండా డిస్కషన్ చాప్టర్ రాయొద్దని మా పిల్లలకి గట్టిగా చెబుతాను.

ఇక లోపాలు. ఎక్స్‌పెక్టెడ్ కౌంట్స్ మనం అడిగితేనే చూపిస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్ అయితే 5 కన్నా తక్కువ ఉన్న గడులు ఎన్ని, ఎంత శాతం అన్నది టేబుల్ కిందే రాసిపెడుతుంది. థీసిస్ పిల్లలకి అలా కళ్ళముందు కనిపించడం అవసరం. అరవై మంది తల్లుల్ని తీసుకుని, మతం నాలుగు రకాలు, చదువు ఆరు రకాలు పెట్టుకుంటారు. డిగ్రీ, ఆ పైన చదివినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ గడుల్లో కొన్నింట్లో ఉండాల్సిన అంకె ఒకటి కూడా దాటదు. 1954లో కోక్రన్ చెప్పిన సలహానే ఇప్పటికీ ఎక్కువమంది పాటిస్తారు: ఏ గడిలోనూ ఎక్స్‌పెక్టెడ్ అంకె 1 కన్నా తగ్గకూడదు, 5 కన్నా తక్కువ ఉన్న గడులు ఐదో వంతు మించకూడదు. మించితే ఏం చేయాలి? అర్థవంతంగా కలిసే వర్గాల్ని కలపాలి, లేదా చిన్న అంకెలకీ పనికొచ్చే ఫిషర్స్ ఎగ్జాక్ట్ టెస్ట్ తీసుకోవాలి. అది అదే పేజీలో ఒక టిక్ దూరంలోనే ఉంది. రెండు వరసలు, రెండు నిలువు గడుల టేబుల్‌కి యేట్స్ 1934లో ఇచ్చిన కంటిన్యుటీ కరెక్షన్ (కై-స్క్వేర్ విలువని కాస్త తగ్గించే సవరణ) కూడా ఉంది. వర్గాల్ని కలిపేటప్పుడు ఒక జాగ్రత్త: ఫలితం చూశాక కలపడం తప్పు. ఎలా కలిపితే ‘ఎస్’ వస్తుందో వెతుక్కునే పని అవుతుంది అది. ఎలా కలుపుతామో డేటా సేకరించకముందే ప్రపోజల్లో రాసిపెట్టుకోవాలి.

గూగుల్ ఫామ్‌లో సర్వే చేసినవాళ్ళు ముఖ్యంగా ఇది చదవండి. “సమాచారం ఎక్కడ తెలిసింది?” అని అడిగి, ఎన్నైనా టిక్ పెట్టొచ్చు అంటారు. జవాబులన్నీ ఒకే గడిలో కామాలతో వచ్చేస్తాయి. జమోవికి ‘టీవీ’ ఒక వర్గం, ‘టీవీ, ఆశా కార్యకర్త’ ఇంకో వర్గం, ‘ఆశా కార్యకర్త, బంధువులు’ మూడోది. టేబుల్ బారెడు అవుతుంది. దాన్ని విడగొట్టి మొత్తం టిక్కులన్నీ ఒకే టేబుల్లో పెట్టి కై-స్క్వేర్ చేసే పద్ధతి ఇంకా తప్పు, ఎందుకంటే ఒకే మనిషి రెండు మూడు గడుల్లో లెక్కకి వస్తుంది. ఒక మనిషి ఒక్క గడిలోనే ఉండాలన్నది ఈ పరీక్షకి ప్రాణం. టీవీ అవును–కాదు, ఆశా అవును–కాదు అని ఒక్కో దానికి ఒక్కో కాలమ్ చేసుకుని విడివిడిగా చూడాలి. కోబో టూల్‌బాక్స్ అనే సర్వే టూల్‌లో చేసినవాళ్ళకి ఆ విడి కాలమ్స్ డౌన్‌లోడ్‌లోనే వస్తాయి, ఆ మేరకు హాయి.

బోధనకి ముందు, తర్వాత అవే తల్లుల్ని అడిగి, ‘సరిగ్గా చెప్పారు–చెప్పలేదు’ అని పోల్చేవాళ్ళకి కూడా మామూలు కై-స్క్వేర్ పనికిరాదు. ఫ్రీక్వెన్సీస్‌లోనే కింద పెయిర్డ్ శాంపిల్స్ అని మెక్‌నెమార్ టెస్ట్ ఉంది. అది వాడండి.

అవగాహన స్థాయిని తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు ముక్కలు చేస్తాం కదా. కై-స్క్వేర్‌కి ఆ వరుస తెలియదు. మూడింటినీ అటూ ఇటూ మార్చి పెట్టినా అదే విలువ వస్తుంది. వరుస ముఖ్యమైన చోట జమోవి ఆర్డినల్ (వరుస ఉన్న వర్గాలు) కింద గామా, కెండాల్స్ టౌ-బి అనే కొలతలు ఇస్తోంది. ముప్పై మార్కుల స్కోరుని అసలు ముక్కలు చేయకుండా స్కోరుగానే వాడితే ఇంకా మంచిదని నా అభిప్రాయం. కానీ పాత థీసిస్‌ల నమూనా చూసి రాసే పద్ధతి ఉన్నంతకాలం ముక్కలు తప్పవు, కనీసం చేసేది తెలిసి చేయాలి.

ఇంకొకటి, ఏ సాఫ్ట్‌వేరూ చెప్పనిది. పది డెమోగ్రాఫిక్ వివరాలతో పది కై-స్క్వేర్‌లు చేస్తారు, ఒకదానికి పి విలువ 0.05 లోపు వస్తుంది, ఆ ఒక్కదాని మీదే డిస్కషన్ అంతా నడుస్తుంది. నిజానికి ఏ ఒక్కదానితోనూ సంబంధం లేకపోయినా, ఆ పది పరీక్షలు ఒకదానితో ఒకటి ముడిపడనివైతే, కనీసం ఒకటి ఊరికే ‘ఎస్’ వచ్చే అవకాశం 40 శాతం ఉంది. 0.95ని పదిసార్లు గుణిస్తే 0.599, ఒకటిలోంచి తీసేస్తే మిగిలేది 0.401. జమోవి పది పరీక్షల్నీ పది విడి పనులుగానే చూస్తుంది. 0.05ని పదితో భాగించి 0.005 దగ్గర గీత పెట్టుకోవడం మన చేతిలో పని.

అన్నిటికన్నా పెద్ద సంగతి శాంప్లింగ్. పైన చెప్పిన 150 ఇళ్ళూ ఊరంతా చెదురుగా తీసుకున్నవైతే ఆ లెక్క సరే. కానీ బెంగళూరులో ఎవరూ అలా తీసుకోరు, తీసుకోవడం కుదరదు కూడా. ఐదు అపార్ట్‌మెంట్లు ఎంచుకుని ఒక్కోదాంట్లో ముప్పై ఇళ్ళు అడుగుతారు. ఒక అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ గట్టిగా ఉంటే ఆ ముప్పై ఇళ్ళూ చెత్త వేరు చేస్తాయి. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. అదే గిన్నెలోంచి ముప్పై మెతుకులు పట్టుకున్నా తెలిసేది ఆ గిన్నె సంగతే. చేతిలో 150 జవాబులు ఉన్నా వాటిలోని సమాచారం 150 విడి ఇళ్ళంత ఉండదు. కై-స్క్వేర్‌కి అది తెలియక విలువని పెంచి చూపిస్తుంది.

దీనికి మందు కనిపెట్టినవాళ్ళలో మనవాళ్ళు ఉన్నారని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంటుంది. ఏలూరులో 1937లో పుట్టిన జె.ఎన్.కె. రావు, ఆలిస్టర్ స్కాట్‌తో కలిసి 1981లో, క్లస్టర్లు (ఆ అపార్ట్‌మెంట్ల లాంటి గుంపులు) ఉన్న సర్వేలకి కై-స్క్వేర్‌ని ఎలా సవరించాలో చూపించారు. రావు–స్కాట్ సవరణ అని ప్రపంచమంతా వాడుతున్నది అదే. మరో రావుగారూ ఈ కథలో ఉన్నారు. ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో 1920లో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న సి.ఆర్. రావు 1948లో స్కోర్ టెస్ట్ (ఒక ఊహ డేటాకి పొసగుతుందో లేదో చూసే పద్ధతి) ప్రతిపాదించారు. పియర్సన్ కై-స్క్వేర్ ఆ పెద్ద సూత్రంలో ఒక ప్రత్యేక సందర్భంగా ఒదిగిపోతుంది. మా పిల్లలు రోజూ వాడే పరీక్ష వెనక ఈ పేర్లు ఉన్నాయని సిలబస్‌లో ఎక్కడా చెప్పరు. నేను మొదటి క్లాసులోనే చెబుతాను.

సవరణ ప్రభావం ఎంతో చూడండి. క్లస్టర్ల వల్ల డిజైన్ ఎఫెక్ట్ 2 ఉందనుకుందాం, అంటే 150 జవాబుల్లోని సమాచారం 75 విడి ఇళ్ళంతే. మొదటి మెట్టు సవరణలో స్థూలంగా 7.37ని రెండుతో భాగించాలి, 3.68 వస్తుంది. రెండు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి ‘ఎస్’ రావాలంటే దాటాల్సింది 5.99. పి విలువ 0.025 నుంచి 0.16కి వెళ్ళిపోయింది. అదే డేటా, అవే శాతాలు, ‘ఎస్’ కాస్తా ‘ఎన్‌ఎస్’ అయింది. జమోవిలో నేను పైన చెప్పిన కై-స్క్వేర్ పేజీలో క్లస్టర్ ఏదో చెప్పే పెట్టె లేదు. దీనికి ఆర్‌లో థామస్ లమ్లీ రాసిన ‘సర్వే’ ప్యాకేజీ ఉంది, అందులోని కై-స్క్వేర్ రావు–స్కాట్ సవరణతోనే లెక్క ఇస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్‌లో అయితే కాంప్లెక్స్ శాంపిల్స్ అనే వేరే మాడ్యూల్ కావాలి. క్లస్టర్ శాంప్లింగ్ చేసినవాళ్ళు ఆర్ నేర్చుకోక తప్పదు, లేదా అది తెలిసిన బయోస్టాటిస్టిక్స్ వాళ్ళ పక్కన కూర్చుని చేయించుకోవాలి. ఫైలు ఇచ్చేసి వచ్చేయడం కాదు, పక్కన కూర్చోవడం. జమోవిలో సింటాక్స్ మోడ్ పెడితే మనం నొక్కిన ప్రతి పనికీ ఆర్ కోడ్ కనిపిస్తుంది కాబట్టి, ఆర్‌కి భయపడేవాళ్ళకి అదొక మొదటి మెట్టు.

ఎక్సెల్ చాలదా అంటారు కొందరు. ఎక్సెల్‌లో కై-స్క్వేర్ ఫంక్షన్ ఉంది, కానీ ఉండాల్సిన అంకెల టేబుల్ మనమే కట్టాలి, అది తిరిగి ఇచ్చేది పి విలువ ఒక్కటే. లెక్క అర్థం చేసుకోవడానికి ఒకసారి చేయండి, థీసిస్‌కి వద్దు.

సింపుల్ రాండమ్ శాంప్లింగ్‌తో (లాటరీ తీసినట్టు విడివిడిగా ఎంచుకోవడం), గడుల్లో తగినంత మంది ఉన్న సర్వేకి జమోవి పూర్తిగా సరిపోతుంది, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. చేసిన పని అంతా, డేటా, ఫలితాలు, పెట్టిన టిక్కులతో సహా ఒకే ఓఎంవీ ఫైల్లో ఉంటుంది. మా పిల్లలు ఆ ఫైలు నాకు పంపిస్తే ఏ వేరియబుల్ ఎక్కడ పెట్టారో నేను తెరిచి చూడగలను. గైడ్లకి ఇది పెద్ద సాయం. జమోవి సైట్‌లో డౌన్‌లోడ్ దగ్గర ‘సాలిడ్’ (నిలకడైనది), ‘కరెంట్’ (కొత్తది) అని రెండు కనిపిస్తాయి. థీసిస్ పనికి సాలిడ్ తీసుకోండి, సబ్మిషన్ అయ్యేదాకా వెర్షన్ మార్చకండి, ఆ వెర్షన్ నంబరు మెథడాలజీ చాప్టర్‌లో రాయండి.